మదరసా విద్య : గుణదోష విచారము

బెంగుళూరున నాగవార మార్గమున పోవువారికి ‘అరబిక్ కాలేజి’ యను పేరు సుపరిచితము. ఆ పేరునకు మూలమైన దారుల్ ఉలూమ్ సబీలుర్ రషాద్ 1960లో వెలసినది. మన తెలుగు కుటుంబములవారు పలువురు ఏండ్ల తరబడి ఆ దారిని పోవుచున్నను, లోపల చదివించున దేమియో విచారించినవారు అరుదు. కేవలము కంఠపాఠమని కొందరు త్రోసివేయుదురు. పరుల మతవిషయము మన కేలయని కొందరు ఊరకుందురు. మేము మెట్రిక్యులేషను చదివి, గుమాస్తాగిరిలో తల నెరసినవారము. మాకు అరబీ రాదు. అయినను ఒక పాఠ్యక్రమము గుణదోషములను తూచుటకు సామాన్య వివేకము చాలునని తలంతుము.

మసీదు చెంత బాలురు పూటకొక గంట ఖురాను వల్లించునది మక్తబు. ఏండ్ల తరబడి చదివించి ఆలిమును తయారుచేయునది మదరసా. ఈ భేద మెరుగకయే పలువురు మాటలాడుదురు. ముస్లిము బాలురలో నూటికి 3, 4గురు మాత్రమే మదరసాలలో చదువుచున్నారని 2006 నాటి సచార్ సంఘ నివేదిక తెలిపినది.

ఉత్తరాన 1866లో స్థాపితమైన దేవబందు మొదలు పెక్కు మదరసాల పాఠ్యక్రమమునకు ‘దర్సె నిజామీ’ మూలము. 1748లో గతించిన లక్నో పండితుడు ముల్లా నిజాముద్దీన్ దీనిని కూర్చెను. సర్ఫ్, నహ్వ్ అను అరబీ వ్యాకరణము, మంతిఖ్ అను తర్కము, గణితము, ధర్మశాస్త్రము, హదీసు ఇందలి అంగములు. తర్కమున తొలిమెట్టయిన ‘ఈసాగోజీ’ గ్రీకు సంప్రదాయమునుండి వచ్చినది. మన అన్నంభట్టు ‘తర్కసంగ్రహము’తో న్యాయశాస్త్రము నారంభించువారికి ఈ పద్ధతి క్రొత్త కాదు.

ఇందలి గుణములు స్పష్టములు. గురువు ఎదుట కూర్చుండి గ్రంథమును అక్షరమక్షరము చదువుట, పేదబాలునకు అన్నవసతు లిచ్చుట, గురుపరంపరను తెలుపు సనదు నొసగుట మన వేదపాఠశాలల మర్యాదను తలపించును. 2009 నాటి విద్యాహక్కు చట్టమునకు 2012లో వచ్చిన సవరణ మదరసాలను, వేదపాఠశాలలను ఒకేచోట పేర్కొని మినహాయించుట గమనింపదగినది.

దోషము వేరొకచోట నున్నది. ముల్లా నిజాముద్దీన్ తన కాలపు న్యాయాధికారులకును, లేఖకులకును పనికివచ్చు విద్యను కూర్చెను. అనంతరము దేవబందువారు హదీసుకు ప్రాధాన్యము పెంచి, తర్కాదులను తగ్గించిరి. అనగా ఈ క్రమము మార్పెరుగనిది కాదు. మార్చుటకు అధికారము గల పెద్దలే నేటి గణితమునకును, దేశభాషకును తగిన చోటు కల్పింపనిచో, గ్రంథముల జాబితా నిలుచును గాని కూర్చినవాని దృష్టి నిలువదు. చదువు ముగించిన యువకుడు మసీదు నౌకరి తప్ప వేరుదారి లేక నిలుచుట ఆ దోషఫలమే.

మన ప్రాంతమున బోధ సాధారణముగా ఉర్దూలో జరుగును. కేరళమున మతబోధ మలయాళమున సాగుచున్నది. తెలుగుదేశమున నూర్‌బాషీయుల యిండ్లలో తెలుగే మాతృభాష. వారి బాలునికి అరబీతోపాటు ఉర్దూయు నేర్వవలసిన భారమే. అనంతపురమున ఆచార్యులుగా నుండిన చిలుకూరి నారాయణరావుగారు ఖురానును తెనిగించి, ఈ విషయమునకు తెలుగు చాలదను మాటకు చోటు లేకుండ చేసిరి. ఆ బాట మదరసాలలోనికి పోవలసియున్నది.

ఇక మన మాట. కన్నడదేశపు టీ నగరమున ఉర్దూ నిలిచియుండుటకు ఒక కారణము, బాలు డనుదినము దానిలో పాఠము వినుటయే. మనమో, ఉగాదికి కవిసమ్మేళనము జరిపి తృప్తిపడుచున్నాము. మన మనుమలు ఇంట తెలుగు మాటలాడుదురు గాని, ఈ సంచికలోని ఒక పుట చదువలేరు. మదరసా గ్రంథములను ప్రశ్నించు మనము, దాని నిత్యత్వమునుండి నేర్వవలదా? వారమున కొక దినమైన, పెద్ద యొకడు పిల్లలను చుట్టు కూర్చుండబెట్టుకొని తెలుగు చదివించిన చాలును. పండుగనాడు మాత్రమే తలంచిన భాష పండుగతోనే పోవును.