రాతిలో పోటు, రాతిలో గుంపు

సంక్రాంతి దాటితే హోసూరు, కృష్ణగిరి పల్లెల్లో ఎద్దులను విడిచే పండుగ మొదలవుతుంది. కొమ్ములకు రంగురంగుల అలంకారం కట్టి ఎద్దును వీధిలోకి వదులుతారు. ఆ అలంకారాన్ని లాక్కోవడానికి కుర్రాళ్లు ఎగబడతారు, మిద్దెల మీదా గోడల మీదా జనం. ఇలాంటి ఎద్దుల ఆటలను 2014లో సుప్రీంకోర్టు ఆపించింది, 2017లో తమిళనాడు చట్టం మార్చుకుంది, 2023లో ఆ చట్టం నిలిచింది. ఆ గొడవ అలా ఉంచి, ఈ సందడిని బొమ్మగా నిలపడం ఎలాగన్నది చూద్దాం. ఆటగాణ్ణి దగ్గరగా పడితే జనం పోతారు. జనాన్నంతా పడితే ఆటగాడు చీమంత అవుతాడు. చేతిలో ఫోన్ ఉన్నవాళ్లందరికీ ఇది అనుభవమే.

హోసూరు పక్కనున్న కెలవరపల్లి ఆనకట్ట దగ్గర దక్షిణ పినాకినిని చూసి వెనక్కి తిరిగితే, ఏ దిక్కుకు పోయినా ఈ చిక్కును విప్పినవాళ్ల పని కనబడే సీమ ఇది. వాళ్లు వీరగల్లులు చెక్కిన శిల్పులు. పులితో పోరాడి పోయినవాడికి, ఊరి పశువులను తోలుకుపోతుంటే అడ్డుపడి చచ్చినవాడికి ఒక రాయి నిలిపేవారు. వాటిని నేటికీ వేడియప్పన్ అని కొలిచే ఊళ్లున్నాయి. మరీ వెనక్కి వెళితే, సూళగిరి దగ్గరి మల్లచంద్రంలో రాకాసి గుళ్లనే ఆదిమ సమాధుల బండల మీద తెల్లరంగుతో గీసిన గుర్రపు రౌతులున్నారు. నాలుగు గీతల్లో గుర్రం, రెండు గీతల్లో మనిషి. అయితే వీరగల్లు శిల్పి చేసిన పని దీనికన్నా కష్టమైనది.

పులి రాయినే తీసుకోండి. పులి వెనక్కాళ్ల మీద నిలబడి ఉంటుంది, మనిషి దానికి ఎదురుగా. అడవిలో పులి అలా నిలబడి కుస్తీ పట్టదని శిల్పికి మనకన్నా బాగా తెలుసు. కానీ పులిని నాలుగు కాళ్ల మీద ఉంచితే మనిషి దానికి పైన వేటగాడవుతాడు, నిలబెడితే ఇద్దరూ సమానమైన మల్లులవుతారు. పాదాలు పక్కకు, ఛాతీ మనవైపుకు తిప్పి, కాళ్లను ఎడంగా చాపి చెక్కితే ఒంటి బరువంతా ముందుకు పడుతుంది. కత్తి పులి కడుపులో దిగుతుంది, అదే క్షణంలో పులి పంజా మనిషి మీద ఉంటుంది. చంపాడు, చచ్చాడు అన్న రెండు సంగతులూ ఒకే బొమ్మలో చెప్పాలి మరి. కొన్ని రాళ్లలో కుక్క కూడా పులిని వెనకనుంచి పట్టుకుని ఉంటుంది.

కుక్కకే పెద్దపీట వేసిన రాయీ ఉంది. మండ్య సీమలోని ఆతకూరులో కాళి అనే వేటకుక్క అడవిపందితో తలపడి, రెండూ చచ్చాయి. క్రీ.శ. 949-50 నాటి ఆ శాసనం మీద కుక్కా పందీ ముట్టె ముట్టె ఆనించి కలబడుతున్నాయి. బరిలో దిగినది ఏ జాతిదైనా శిల్పి ఇచ్చే మర్యాద ఒకటే.

రాయి కూడా తన మాట చెల్లించుకుంటుంది. హొయసల శిల్పులకు మెత్తటి బలపపురాయి దొరికింది కాబట్టి హారంలోని ముత్యాన్ని కూడా చెక్కగలిగారు. మన సీమది గరుకు నల్లరాయి, సన్నపని ఒప్పుకోదు. అందుకే ముఖంలో కోపం, కంట్లో భయం వంటివి వీటిలో వెతకకండి. చెప్పాల్సిందంతా భుజం వాలు, మోకాలి వంపు, కత్తి పట్టిన చేయి చెప్పాలి. ఆ లేమే వీటి బలమని నా అభిప్రాయం.

గుంపును చెక్కడం వేరే విద్య. హోసూరు నుంచి బెంగళూరు వెళ్లే దారికి దగ్గర్లోనే బేగూరు ఉంది. అక్కడి యుద్ధపు రాయి ఇప్పుడు బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. సుమారు క్రీ.శ. 900 నాటిది. గంగవంశపు రాజు ఎరెయప్ప కొలువులోని నాగత్తరుడు, తుంబెపాడి దగ్గర వీరమహేంద్రుడి సేనతో ఏనుగుకు ఏనుగు ఢీకొట్టించి పడిపోయిన కథ అది. ఏనుగులు, గుర్రాలు, కాల్బంట్లు ఒకరి మీద ఒకరు పడిపోతుంటారు. కంటికి నిలకడ దొరకదు.

హంపీలో దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి. మహానవమి దిబ్బ మీద, హజారరామ గుడి ప్రాకారం మీద ఏనుగులదొక వరస, గుర్రాలదొక వరస, బంట్లదొక వరస, ఆటకత్తెలదొక వరస. 1520 ప్రాంతంలో పోర్చుగీసు వ్యాపారి పాయెస్ అక్కడి నవరాత్రుల్లోనే మల్లుల పోటీలు చూసి రాశాడు. పళ్లు రాలే దెబ్బలట! అంత రభసను కూడా రాజు ముందు నడిచే ఊరేగింపులా పేర్చారు. అందంగానే ఉంది, కానీ అది రాజు చూసిన జనం. తోపులాటలో నలిగినవాడికి తెలిసిన జనం బేగూరు రాతిలోదే. ఓటు వేయమంటే నాది బేగూరుకే.

ఈ రాళ్లలో ఆట చూసే జనం ఎక్కడ? గ్రీకు చిత్రకారుడు సోఫిలోస్ క్రీ.పూ. 6వ శతాబ్దంలో ఒక కుండ మీద రథాల పందెం గీస్తూ, మెట్ల మీద కూర్చుని చేతులూపే జనాన్ని కూడా గీశాడు. మన శిల్పి ప్రేక్షకులను నేలమీద కూర్చోబెట్టలేదు. కింది అరలో పోరు, నడిమి అరలో వీరుణ్ణి ఎత్తుకుపోయే అప్సరసలు, పై అరలో శివలింగం ముందు కూర్చున్న వీరుడు, ఇద్దరు సాక్షులుగా సూర్యచంద్రులు. అన్ని రాళ్లకూ మూడు అరలు ఉండవు, చిన్న ఊరి రాయి ఒక్క పోరుతోనే సరిపెట్టుకుంటుంది. పశువుల మంద చెప్పాలన్నా ఒకదాని వెనక ఒకటి నాలుగు తలలు చాలు. వీరుడు మాత్రం శత్రువుకన్నా పెద్దగా ఉంటాడు. నేటి పండుగ ఫ్లెక్సీల్లోనూ ఒకరు పెద్దగా ఉంటారు, తరచూ ఆయన ఎద్దు కొమ్ము పట్టినవాడు కాదు.

పొలం గట్లమీదున్న చాలా వీరగల్లులకు భక్తితోనే సున్నం, పెయింటు పూస్తున్నారు. పల్చటి చెక్కడం దాంతో పూడిపోతుంది. మీ ఊరి రాయికి పూజ చేయండి, పువ్వులు పెట్టండి, రంగు మాత్రం వేయనివ్వకండి. చూడదలిస్తే కృష్ణగిరి ప్రభుత్వ మ్యూజియంలో కొన్ని వీరగల్లులు ఒకేచోట ఉన్నాయి. ఊళ్లలో ఆరుబయట ఉన్నవాటిని చూడడానికి పొద్దునే వెళ్లండి, లేదా సాయంత్రం. వాలు ఎండలోనే గీత పైకి తేలుతుంది, మిట్టమధ్యాహ్నం వెళితే ఉత్త బండే కనిపిస్తుంది.