దంతం పొదిగిన కుర్చీ, మూలపడ్డ భోషాణం

సామర్లకోట, పెద్దాపురం, పిఠాపురం చుట్టుపక్కల పాత మండువా ఇళ్ళలో ఇంకా ఎక్కడో ఒకచోట భోషాణం కనిపిస్తుంది. నడుమెత్తు పెట్టె, మనిషి కాళ్ళు చాపుకొని పడుకునేంత పొడవు, అంచుల్లో ఇత్తడి రేకులు, ముందు వైపు బరువైన గొళ్ళెం. కొన్నిటికి కింద చక్రాలు. ఒకప్పుడు అందులో దస్తావేజులు, ధాన్యం అమ్మిన డబ్బు, పెళ్ళి పట్టుచీరలు, పండగకు తీసే ఇత్తడి సామాను ఉండేవి. మూత మీద పరుపు వేసి ఇంటి పెద్ద పడుకునేవాడు. ఇప్పుడు చాలా చోట్ల అది ఖాళీ. ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టేటప్పుడు దాన్ని ఏం చేయాలో ఇంట్లోవాళ్ళకు పాలుపోదు. పాత సామాను కొనేవాళ్ళకు మాత్రం బాగా తెలుసు.

మన తీరపు వడ్రంగం మ్యూజియాలకు ఎక్కనిదేమీ కాదు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ, అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు సేలం ఊళ్ళో ఉన్న పీబడీ ఎసెక్స్ మ్యూజియంలోనూ 18వ శతాబ్దపు విశాఖపట్నం కుర్చీలు, రాతబల్లలు, సొరుగుల పెట్టెలు భద్రంగా ఉన్నాయి. ‘వైజాగపటం ఫర్నిచర్’ అంటే వేలంపాటల లోకానికి ఒక ప్రత్యేక తరగతి. అమిన్ జాఫర్ 2001లో ఈ రెండు మ్యూజియాల సేకరణల మీద పెద్ద గ్రంథమే రాశారు. ఈ పనితనం ఏమిటో మన తెలుగువాళ్ళకే తక్కువ తెలుసు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఇంగ్లీషు కంపెనీ 1682లో విశాఖలో వర్తకపు కోఠీ పెట్టింది. డచ్చివాళ్ళు అంతకుముందే భీమునిపట్నంలో దిగి ఉన్నారు. ఇద్దరూ వచ్చింది బట్టల కోసం, ముఖ్యంగా అద్దకం బట్టల కోసం. నేలమీద కూర్చునే దేశంలో వాళ్ళకు కుర్చీలు, బల్లలు కరువయ్యాయి. ఇంగ్లండు నుంచి తెచ్చుకున్నవేమో ఇక్కడి గాలికి నిలవలేదు. అక్కడి సామానులో చాలావరకు మెత్తటి కర్రతో చట్రం చేసి, పైన ఖరీదైన కర్ర పలుచటి పొరను జిగురుతో అతికించినదే. మన తీరంలో వానాకాలపు తేమకు ఆ జిగురు వదిలేస్తుంది, పొర లేచిపోతుంది, మిగిలింది చెదలు చూసుకుంటాయి. దాంతో దొరలు ఇక్కడి పనివాళ్ళను ఆశ్రయించారు. మనవాళ్ళు చేవదేరిన కర్రను నిండుగా వాడి, అతుకు మీద నమ్మకంతో కుర్చీ కట్టారు. నమూనా దొరది. కర్ర, అతుకు, అలంకారం మనవి.

1756లో విశాఖ చూసిన జాన్ కార్నెయిల్ అనే ఇంగ్లీషు సైనికాధికారి తన దినచర్యలో ఆ ఊరి అద్దకం బట్టలను మెచ్చుకొని, ఆ వెంటనే పొదుగుడు పనిని కూడా మెచ్చుకున్నాడు. ఈ రెండూ ఒకచోట చేరడం నాకు యాదృచ్ఛికం అనిపించదు. విశాఖ బల్లల అంచుల వెంట పాకే దంతపు తీగను చూడండి. మెలికలు తిరిగే కాడ, అటొకటి ఇటొకటి విచ్చుకున్న పువ్వు, మధ్యలో మొగ్గ. అద్దకపు చీర అంచులో ఉండే తీగే అది. బట్ట మీద కలం చేసిన పనిని కర్ర మీద ఉలి చేసింది.

పని జరిగే తీరు ఇదీ. జిట్రేగి, టేకు, నల్లచేవ మాను వంటి గట్టి కర్రను చిత్రిక పట్టి నున్నగా చేస్తారు. దంతాన్ని సన్నని రంపంతో పలకలుగా కోసి, ఆ పలకల నుంచి ఆకులు, రేకులు, కాడలు విడివిడిగా తీస్తారు. ఒక్కో ముక్కను కర్ర మీద పెట్టి చుట్టూ గీత గీసి, ఆ గీత లోపల ఉలితో గుంట తవ్వుతారు. గుంట లోతు పలక మందానికి వెంట్రుకవాసి కూడా ఎక్కువ కాకూడదు. ముక్కను కూర్చి, పెద్దదైతే దంతంతోనే చేసిన చిన్న చీలలు దిగేసి కదలకుండా బిగిస్తారు. ఆ తర్వాత కర్రా దంతమూ ఒకే మట్టానికి వచ్చేదాకా అరగదీస్తారు.

అసలు అందం ఆ తర్వాత వస్తుంది. తెల్లటి దంతపు రేకు మీద పోగరతో ఈనెలు, మడతలు, నీడలు సన్నటి గీతలుగా చెక్కుతారు. ఆ గీతల్లో నల్ల లక్కను కరిగించి నింపుతారు. పైపైన ఉన్నది గీకేస్తే గీతల్లో మాత్రమే నలుపు నిలుస్తుంది. దూరం నుంచి తెల్లటి పువ్వులా కనిపించినది దగ్గరికి వెళ్ళేసరికి కాగితం మీద సిరాతో వేసిన బొమ్మలా ఉంటుంది. ఈ పనివాళ్ళు కంసాలులని మ్యూజియం పండితులు రాశారు. పోగర పట్టడం బంగారపు పనిలో పుట్టి పెరిగిన విద్య. కంసాలి, వడ్రంగి, కమ్మరి, కంచరి, శిల్పి అంతా విశ్వకర్మ సంతతిగా చెప్పుకొనే మన దగ్గర ఒకరి విద్య ఇంకొకరి వస్తువు మీదికి రావడం సహజం.

దంతాన్ని పెద్ద పలకలుగా కాక చిన్న చిన్న ముక్కలుగా పొదగడంలో ఒక తెలివి ఉంది. కర్ర తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుదించుకుంటుంది. అదీ పొడుగున దాదాపు ఏమీ ఉండదు, అడ్డంగానే ఎక్కువ. దంతం తీరు వేరు. రెంటినీ పెద్ద ఎత్తున కలిపి బిగిస్తే ఏదో ఒకటి పగలాలి. ముక్క చిన్నదైతే ఆ ఈడ్పు దాన్ని పగలగొట్టేంత ఉండదు. పశ్చిమ దేశాల్లో చలికాలం గదులను వెచ్చబెట్టే పొడిగాలికి దంతం పెళ్ళలుగా లేవడం మ్యూజియం వాళ్ళకు నిత్యం ఉన్న బెంగ. అందుకే అక్కడ గాలిలో తేమను అదుపులో ఉంచుతారు.

ఈ పని ఇలా సాగుతుండగా, 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తి యుద్ధంలో ఇంగ్లీషు కంపెనీ చేతిలో ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు. సామర్లకోటకు కొద్ది దూరంలోనే జరిగిన ఆ యుద్ధం ఉత్తర సర్కారుల భవిష్యత్తు తేల్చేసింది. 1765 నాటి మొగలు ఫర్మానాతో ఈ తీరం కంపెనీదైంది. దొరలు పెరిగారు, డబ్బు పెరిగింది, మోజు మారింది. విశాఖ పనిలో రెండో దశ మొదలైంది. దంతాన్ని పొదగడం తగ్గి, గంధపు చెక్క వంటి కర్ర మీద దంతపు పలకలు పూర్తిగా పరిచి, వాటి మీద భవనాలు, తోటలు చెక్కడం వచ్చింది. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ దగ్గర ఇలాంటి దంతపు కుర్చీలు ఉండేవి. 1781లో అతని సామాను వేలానికి వస్తే మూడో జార్జి రాజు షార్లెట్ రాణి కోసం కొన్నాడు. ఇప్పటికీ అవి బ్రిటన్ రాజకుటుంబపు సేకరణలోనే ఉన్నాయి. 19వ శతాబ్దం వచ్చేసరికి తాబేటి చిప్ప, కొమ్ము, ముళ్ళపంది ముళ్ళు అద్దిన చిన్న పెట్టెలు మిగిలాయి. నా మటుకు మొదటి దశే గొప్పది. అందులో కర్ర కనిపిస్తుంది, దంతం తన హద్దులో ఉంటుంది. రెండో దశలో సంపద కనిపిస్తుంది.

దంతం మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. ఆ తీగల వెనక ఏనుగుల ప్రాణాలున్నాయి. మన దేశంలో భారతీయ దంతపు వ్యాపారాన్ని 1986లో, ఆఫ్రికా దంతాన్ని 1991లో చట్టం నిషేధించింది. అది మంచి పని. ఆ కళను మళ్ళీ దంతంతో బతికించాలని ఎవరూ కోరకూడదు. ఉన్నవాటిని చదవడం, కాపాడడం వరకే మన వంతు.

ఇంకో ముచ్చట. లండన్ శివార్లలో స్ట్రాబెరీ హిల్ అనే ఇల్లు కట్టుకున్న 18వ శతాబ్దపు ఇంగ్లీషు రచయిత హోరేస్ వాల్పోల్ నల్లచేవ కర్రలో చెక్కిన కుర్చీలు కొని, అవి ఇంగ్లండు పాత ట్యూడర్ రాజుల కాలానివని మురిసిపోయాడు. అతన్ని చూసి ఎందరో అలాంటివి కొన్నారు. నిజానికి అవి 17వ శతాబ్దపు మన కోరమాండల్ తీరం పని. పేరు రాసి లేని వస్తువును ఎవరైనా తమదనుకోవచ్చు.

ఇక్కడే అమెరికాను చూసి నేర్చుకోవలసినది ఉంది. 1754లో లండన్‌లో థామస్ చిప్పెండేల్ తన ఫర్నిచరు నమూనాల పుస్తకం అచ్చు వేశాడు. ఆ కాలపు ఇంగ్లీషు తీరు కుర్చీని ఫిలడెల్ఫియా వడ్రంగులు మహాగని కర్రతో చేశారు, విశాఖ పనివాళ్ళు జిట్రేగితో చేసి దంతం పొదిగారు. రెండూ ఇంగ్లండుకు దూరంగా, ఓడరేవు ఉన్న వ్యాపారపు ఊళ్ళలో పుట్టిన పనులే. తర్వాతి దారులు వేరయ్యాయి. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం 1909లో తొలినాటి అమెరికన్ ఫర్నిచరును ప్రదర్శించింది, 1924లో దానికోసం ప్రత్యేకంగా అమెరికన్ వింగ్ తెరిచింది. అలాంటి ఫర్నిచరు సేకరించిన హెన్రీ ఫ్రాన్సిస్ డుపాంట్ తన వింటర్‌తూర్ భవనాన్నే 1951లో మ్యూజియం చేశాడు. న్యూపోర్టు ఊరి వడ్రంగి కుటుంబాలు టౌన్సెండ్‌లు, గొడార్డ్‌లు చేసిన బల్లలను అక్కడి పండితులు సొరుగు అడుగు దాకా తిప్పి చూశారు. జాన్ టౌన్సెండ్ అంటించిన చీటీలు వెతికారు, పద్దు పుస్తకాలు చదివారు, పళ్ళు కోసి గుచ్చిన అతుకు తీరును బట్టి ఎవరి చేతో గుర్తుపట్టారు. 1989లో న్యూయార్కు వేలంలో నికొలస్ బ్రౌన్ కుటుంబపు న్యూపోర్టు రాతబల్ల 1.21 కోట్ల డాలర్లకు పోయింది. కర్ర ఖరీదు ఎంతని? ఎవరు, ఎప్పుడు, ఎవరి కోసం, ఎలా చేశారో తెలియడంలోనే ఆ విలువంతా ఉంది. మన విశాఖ కుర్చీల్లో చాలావాటికి కొన్న దొర పేరు తెలుసు, చేసినవాడి పేరు తెలియదు.

మరి గోదావరి సీమ భోషాణం? దానికి దంతం లేదు, రాజులు కొనలేదు. దాని విద్య మాత్రం తక్కువది కాదు. ఏజెన్సీ అడవుల టేకు గోదావరిలో తెప్పలుగా దిగి రాజమహేంద్రవరం చేరేది. పచ్చి టేకు నీళ్ళలో తేలదు. అందుకే చెట్టు నిలిచి ఉండగానే మొదట్లో చుట్టూ గాటు పెట్టి, నిలువునా ఎండనిచ్చి, తర్వాత నరికే పద్ధతి టేకు దేశాలన్నిటా ఉంది. తూర్పున కోరంగి రేవులో పడవలు, ఓడలు కట్టే వడ్రంగులు ఉండేవారు. నీళ్ళు చొరని అతుకు వేయడం ఆ రేవువాళ్ళకు అన్నం పెట్టిన విద్య. ఇంత కర్ర, ఇంత చేయి తిరిగిన జనం ఉన్న సీమలో ఇంటి పెట్టె బలహీనంగా ఉంటుందా?

మంచి భోషాణాన్ని ఇలా చూడాలి. నాలుగు మూలల నిలువు కాళ్ళలోకి అడ్డపట్టెల కుసులు దిగి ఉంటాయి. ఆ కుసిని పక్కనుంచి ఒక కొయ్య చీల పట్టి ఉంచుతుంది. చీల కొంచెం పైకి తేలి చేతికి తగిలితే సంతోషించండి: కర్ర ఎండి కుదించుకున్నా అతుకు వదల్లేదన్నమాట. ఉప్పుగాలికి ఇనుప మేకు తుప్పుపట్టి చుట్టూ ఉన్న కర్రను కూడా తింటుంది, కొయ్య చీల తినదు. పక్కల పెద్ద పలకలను చట్రంలో గాడి తీసి అందులో వదులుగా నిలబెడతారు, బిగించరు. వానాకాలం పలక ఉబ్బితే గాడిలోకి జరుగుతుంది, వేసవిలో వెనక్కి వస్తుంది, బీట పడదు. న్యూపోర్టు వడ్రంగీ ఇదే చేశాడు, చెప్పేవాడు లేకుండా మనవాడూ ఇదే చేశాడు. లోపల ఒక పక్కన చిన్న అర ఉంటుంది, కొన్నిటిలో దాని అడుగున దొంగ అర. ఇత్తడి రేకు అందం కోసం అనుకుంటాం, మూల దెబ్బతినకుండా కాసేది కూడా అదే.

పందిరి మంచం కోళ్ళలో తరిణె పట్టిన ఉబ్బెత్తు, పడక కుర్చీలో నడుం వాలే ఒంపు, ఉయ్యాల బల్ల గొలుసు పట్టే చోట వదిలిన మందం, వీటిలోనూ ఇంతే ఆలోచన ఉంది. రాయికీ కంచుకూ మనం చరిత్ర రాసుకున్నాం. సామర్లకోట భీమేశ్వరుడి గుడి రాళ్ళను చాళుక్య భీముడి పేరుతో చెప్పుకుంటాం. ఇంట్లో వాడుకున్న కర్రకు మాత్రం చరిత్ర రాయలేదు. ఇది పెద్ద లోటని నా గట్టి నమ్మకం, ఎందుకంటే కర్ర రాయిలా వెయ్యేళ్ళు ఆగదు.

కాబట్టి ఇంట్లో భోషాణమో, పట్టె మంచమో ఉన్నవారికి ఒక విన్నపం. అమ్మాలనుకుంటే అమ్ముకోండి, అది మీ ఇష్టం. అమ్మేముందు మూత తెరిచి, అడుగు తిప్పి ఫొటోలు తీయండి. అతుకులు దగ్గరగా తీయండి. కొలతలు రాయండి. ఏ ఊరి వడ్రంగి చేశాడో, ఎవరి పెళ్ళికి చేయించారో ఇంట్లో పెద్దవాళ్ళను ఇప్పుడే అడిగి కాగితం మీద పెట్టండి. కొత్తదనం కోసం గీకించి రంగు వేయించకండి, పాత ముఖం పోతే వయసు చెప్పే ఆధారం పోతుంది. కాకినాడలో ఆంధ్ర సాహిత్య పరిషత్ మ్యూజియం ఉంది, రాజమహేంద్రవరంలో రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియం ఉంది. వాటిలో గోదావరి ఇంటి కర్ర పనికి ఒక్క గది కేటాయించమని పురావస్తు శాఖకు ఉత్తరం రాయండి. మీ దగ్గరున్న పేర్లు, ఫొటోలు ఆ ఉత్తరానికి జత చేయండి.