మూడో కార్బురేటర్

ఇంజన్ స్లోలో తిరుగుతోంది గానీ ఉండుండి మిస్ కొడుతోంది. మా పక్కింటి పెద్దాయన బానెట్ కిందికి వంగి, ముందున్న కార్బురేటర్ నోటి మీద అరచెయ్యి పెట్టారు. శబ్దంలో తేడా లేదు. చెయ్యి తీసి వెనకదాన్ని మూశారు. మిస్ ఆగిపోయి, ఇంజన్ ఒకే తీరుగా నడవసాగింది. దొరికిందన్నట్టు నా వైపు చూశారు.

ఆ ఇంజన్ మీద వరసగా మూడు కార్బురేటర్లుంటాయి. మామూలుగా నడపడానికి మధ్యదే చాలు. యాక్సిలరేటర్ బలంగా తొక్కినప్పుడే ముందుదీ వెనకదీ తెరుచుకుంటాయి. స్లోలో ఉన్నంతసేపూ ఆ రెండూ బిగుతుగా మూసుకునే ఉండాలి. వెనకదాని లోపలి రేకు సరిగ్గా కూర్చోవడం లేదు. ఆ సందులోంచి దొంగగాలి లోపలికి పోతోంది. అరచెయ్యి ఆ గాలిని ఆపింది, ఇంజన్ కుదుటపడింది.

కారు 1966 పాంటియాక్ జీటీవో. 389 ఘనపు అంగుళాల వీ8 ఇంజన్, అంటే దాదాపు 6.4 లీటర్లు. 360 హార్స్‌పవర్. ముందువైపు ఒకదానిమీద ఒకటి పేర్చిన హెడ్‌లైట్లు. అభిమానులు ముద్దుగా ‘గోట్’ అంటారు, మేక అని.

నేను మిషిగన్‌లోని ట్రాయ్‌కి వచ్చి పద్దెనిమిదేళ్లయింది. కార్ల కంపెనీల పనుల మీద ఇక్కడికొచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు ఈ చుట్టుపక్కల ఊళ్లలో చాలామందే ఉన్నారు. నేనూ వాళ్లలో ఒకణ్ణి. పగలంతా కంప్యూటర్ తెర మీద ఇంజన్ లెక్కలు చూసే నాకు, ఇంజన్ వినడమంటే ఏమిటో పక్కింటి గ్యారేజీలోనే మళ్లీ గుర్తొచ్చింది. మళ్లీ అని ఎందుకంటున్నానంటే, చిన్నప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో నాన్న అంబాసిడర్ బాగుచేసే మెకానిక్ సరిగ్గా ఇలాగే కార్బురేటర్ నోటి మీద అరచెయ్యి పెట్టేవాడు. కళ్లు మూసుకుని వినేవాడు. స్క్రూడ్రైవర్‌ని అరచుట్టు తిప్పేవాడు. ఆయనకీ ఈ పెద్దాయనకీ మధ్య సముద్రాలున్నాయి. చేతి నేర్పు మాత్రం ఒక్కటే.

ఏటా ఆగస్టు మూడో శనివారం ఇక్కడి వుడ్‌వార్డ్ అవెన్యూ మీద పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. 1995లో ఫెర్న్‌డేల్ ఊళ్లో పిల్లల సాకర్ మైదానానికి డబ్బు పోగుచేయడానికి మొదలుపెట్టారట. ఇప్పుడు లక్షల మంది వస్తారు. ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ ఊరిదాకా రోడ్డుకి రెండు పక్కలా కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. పెద్దాయన జీటీవో ఎక్కడ ఆగినా ఎవరో ఒకరు దగ్గరికొచ్చి బానెట్ మీద చెయ్యేసి అడుగుతారు: ఈ కారు తయారీ ఆపేశారు గదా, మళ్లీ ఎప్పుడొస్తుందంటారు? ఆ మాట అడిగేవాళ్ల ముఖంలో, పొద్దుపోయినా ఇంటికి రాని మనిషి కోసం వీధి గుమ్మంలో నిలబడ్డవాళ్ల ఎదురుచూపు కనిపిస్తుంది.

అసలు ఆ కారు ఎలా పుట్టిందో తెలిస్తే ఆ ఎదురుచూపు అర్థమవుతుంది. 1963 జనవరిలో జనరల్ మోటార్స్ పెద్దలు తమ విభాగాలేవీ రేసుల జోలికి పోకూడదన్నారు. పాంటియాక్ పేరు అప్పటికి రేసుల మీదే నిలబడి ఉంది. దానికితోడు, మధ్యరకం కార్లలో 330 ఘనపు అంగుళాలకి మించిన ఇంజన్ పెట్టకూడదని ఇంకో నియమం. పాంటియాక్ చీఫ్ ఇంజనీర్ జాన్ డిలోరియన్ దగ్గర పనిచేసే బిల్ కాలిన్స్ ఒక సంగతి గమనించాడు. పాంటియాక్ మధ్యరకం కారు టెంపెస్ట్‌లో పెడుతున్న చిన్న ఇంజన్‌కీ, పెద్ద కార్లలో పెట్టే 389కీ పై కొలతలు ఒకటే. ఇది తీసి అది దించితే సరిగ్గా కూర్చుంటుంది. నియమం కారు మోడల్‌కే వర్తిస్తుంది, కొనేవాళ్లు అదనంగా కోరుకునే ప్యాకేజీకి వర్తించదు. అలా 295 డాలర్ల అదనపు ప్యాకేజీగా 1964లో జీటీవో వచ్చింది. కారు మొత్తం ధర 2,850 డాలర్ల దగ్గర మొదలయ్యేది. ఐదువేలు అమ్ముడైతే గొప్పే అనుకున్నారు. తొలి ఏడాదే 32,450 పోయాయి. 1966లో ఆ లెక్క 96,946కి చేరింది. కుర్రాళ్ల జేబుకి అందే ధరలో, కుర్రాళ్లు కలలుగనే వేగం. ఆ కారు విజయమంతా ఆ రెంటి కలయికలోనే ఉంది.

తర్వాత ఇన్సూరెన్సు రేట్లు పెరిగాయి, పొగ మీద చట్టాలొచ్చాయి, 1973లో పెట్రోలు సంక్షోభం వచ్చిపడింది. 1974లో జీటీవో పేరు వెంచురా అనే చిన్న కారుకి తగిలించారు. ఆ ఏడాది అమ్ముడైనవి 7,058. అంతటితో ఆ పేరు ఆగిపోయింది.

మళ్లీ రావడమంటారా, ఒకసారి వచ్చింది. 2004లో. జనరల్ మోటార్స్ వైస్ ఛైర్మన్ బాబ్ లుట్జ్ పట్టుబట్టి, ఆస్ట్రేలియాలో హోల్డెన్ మొనారోగా అమ్ముతున్న కారుని జీటీవోగా తెప్పించారు. మొదట 350 హార్స్‌పవర్, మరుసటి ఏడాది 400. నా స్నేహితుడి దగ్గర ఒకటుంటే నడిపాను. గట్టి కారు, మలుపుల్లో నమ్మకంగా తిరుగుతుంది. అరవైల జీటీవోలకి ఏ మాత్రం తీసిపోదు. కానీ దాన్ని చూసి రోడ్డు పక్క కుర్చీలోంచి ఎవరూ లేవలేదు. గుండ్రటి, అణకువైన ఆ రూపంలో మేకని ఎవరూ గుర్తుపట్టలేకపోయారు. బానెట్‌కి గాలి గూళ్లు లేవని గోలచేస్తే 2005లో పెట్టారు. అప్పటికే ఆలస్యమైంది. మూడేళ్లలో దాదాపు 40 వేల కార్లు తయారయ్యాక 2006లో ఆపేశారు. 2009 ఏప్రిల్‌లో పాంటియాక్ విభాగాన్నే మూసేస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది.

అయినా ఆశ చావలేదు. అందుకు కారణాలూ ఉన్నాయి. 2002లో ఆగిపోయిన షెవ్రొలే కమారో 2009లో తిరిగొచ్చింది. డాడ్జ్ చాలెంజర్ 2008లో తిరిగొచ్చింది. జనరల్ మోటార్స్ అధిపతి మేరీ బర్రా 1980లో, పద్దెనిమిదేళ్లప్పుడు, పాంటియాక్‌లోనే ఫెండర్లూ బానెట్లూ తనిఖీ చేసే పనిలో చేరారు. వాళ్ల నాన్న అక్కడే 39 ఏళ్లు డై మేకర్‌గా పనిచేశారు. ఆమెకి ఆ పేరు విలువ ఒకరు చెప్పక్కర్లేదని ఇక్కడి పెద్దవాళ్ల నమ్మకం. అయితే 2023 డిసెంబరులో కమారో, చాలెంజర్ రెండూ మళ్లీ ఆగిపోయాయి. తిరిగి రావడం ఒక ఎత్తు, వచ్చి నిలవడం ఇంకో ఎత్తు.

నా మనసులో మాట చెబుతాను. జీటీవో తిరిగి రావాలని నాకూ ఉంది. కానీ పేరొక్కటే తిరిగొస్తే నాకు తృప్తి లేదు. మన అంబాసిడర్ సంగతే చూడండి. 2014లో తయారీ ఆగింది, 2017లో ఆ పేరుని ఒక ఫ్రెంచి కంపెనీ 80 కోట్లకి కొనుక్కుంది. ఆ పేరుతో కారు ఇప్పటికీ మన రోడ్డెక్కలేదు. పేరు కాగితం మీద చేతులు మారుతుంది. అసలు జీటీవోని పుట్టించింది, ఉన్న రెండు వస్తువుల కొలతలు చేత్తో ఎరిగిన ఇంజనీరు, అతని మాట విన్న పై అధికారి, అమ్ముడుపోదన్నా వెనక్కి తగ్గని తెగువ. అవి తిరిగొస్తే ఇంజన్ పెట్రోలుతో నడిచినా, బ్యాటరీతో నడిచినా నాకు అభ్యంతరం లేదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు కొనగలిగేలా ఉంటే అది జీటీవోయే.

అది వచ్చేదాకా దాన్ని బతికిస్తున్నది ఈ గ్యారేజీలే. ఇక్కడ ఎవరైనా పాత కారు కొనబోతే ముందు కారు గుర్తింపు నంబరు (వీఐఎన్) ఉన్న రేకు మీదికి వంగుతారు. 1966 నుంచి 1971 దాకా వచ్చిన అసలైన జీటీవో నంబరు 242తో మొదలవుతుంది. అంతకుముందు రెండేళ్ల కార్లకి ఆ ఆనవాలు లేదు, అప్పుడది ప్యాకేజీయే కదా. వాటికి కంపెనీ పాత రికార్డుల నకలు తెప్పించుకోవాలి. ఒక పేరుని ఇంత భద్రంగా కాపాడుకునేవాళ్లని చూస్తే నాకు మా ఊళ్లో తాటాకు గ్రంథాలు గుడ్డలో చుట్టి దాచిన తాతయ్యలు గుర్తొస్తారు.

పెద్దాయనకి ఎనభై దాటాయి. వేళ్లు మునుపటిలా వంగడం లేదు. ఈ చలికాలం ఆ వెనక కార్బురేటర్ విప్పి, రేకు సరిచేసి, కొత్త గాస్కెట్లు వేసి బిగించే పని నాకప్పగించారు. మా అబ్బాయిని కూడా తీసుకు రమ్మన్నారు. మొన్న వాడు బానెట్ కిందికి వంగి, ఆయన చెప్పినట్టు వెనక కార్బురేటర్ మీద అరచెయ్యి పెట్టాడు. ఇంజన్ గాలి పీల్చే జోరుకి చెయ్యి అతుక్కుపోయినంత పనైంది. ఉలిక్కిపడి వెనక్కి తీసుకున్నాడు. ఒక్క క్షణం ఆగి, ఎవరూ చెప్పకుండానే మళ్లీ పెట్టాడు.