లైట్లు వేయగా ఇంజను ఏల మందగించును? – ఒక వాడుక వివరణపై విమర్శ

చీకటి పడువేళ ఒక చిన్న పెట్రోలు కారు ఇంటిముందు నిలిచియున్నది. గేరు వేయలేదు, పెడలు త్రొక్కలేదు. ఇంజను మాత్రము తనంత తాను మెల్లగా తిరుగుచున్నది. మెకానిక్కులు ఐడిలింగు అను స్థితి ఇదే. ఈ స్థితిలో అట్టి ఇంజను నిముషమునకు సుమారు 750 చుట్లు తిరుగును. అంతలో యజమాని హెడ్‌లైట్లు వేసి, లోపలి ఫానును పూర్తిగా పెంచెను. ఇంజను ధ్వని క్రుంగినది, స్టీరింగు వణకినది, చుట్లు 600కు దిగి అక్కడనే నిలిచినవి.

ఇక షెడ్డులో వినబడు మాట ఏది? "బాటరీ వీకయింది సార్. లైట్లు కరెంటంతా లాగేసుకుంటుంటే ప్లగ్గులకు చాలడం లేదు." కొత్త బాటరీ వచ్చును, వణకు పోదు. పలుచోట్ల ఇప్పటికిని 'డైనమో' అని పిలువబడుచున్న ఆల్టర్నేటరును మార్తురు, అప్పుడును పోదు. తుదకు ఎవరో ఒక మరను త్రిప్పి చుట్లను వెయ్యికి పెంతురు. వణకు ఆగును, రోగము నయమైనదని అందరును సంతోషింతురు. బాటరీకి, ఆల్టర్నేటరుకు పోసిన వేల రూపాయలు మాత్రము తిరిగి రావు. అసలు దోషము ఎక్కడ ఉన్నదో అక్కడనే ఉన్నది.

ఈ వివరణకు బలమంతయు చూపునకు సబబుగా కనిపించుటలోనే ఉన్నది. విద్యుత్తు మీటను నొక్కిన వెంటనే లోపము కనబడినది కనుక లోపము విద్యుత్తులోనే ఉన్నదని దాని వాదము. దీనిని ఖండించుటకు పెద్ద పరికరములు అక్కరలేదు. ప్రతి ఉదయము కారు బయలుదేరుటయే చాలు. సెల్ఫు తిరుగునప్పుడు ఆ మోటారు నూరు ఆంపియర్లకు పైగా లాగును, విశ్రాంతిలో 12.6 వోల్టులు చూపు బాటరీ అప్పుడు 10 వోల్టుల దరిదాపులకు పడును. అయినను ప్లగ్గులలో నిప్పురవ్వ పుట్టుచునే ఉన్నది. లేనిచో కారు కదలనే కదలదు. ఇంజను అందుకొన్న తరువాత చాల కార్లలో ఆల్టర్నేటరు వోల్టేజిని 14 దరిదాపుల నిలుపును. 10 వోల్టులలో వెలిగిన రవ్వ 14 వోల్టులలో చాలకపోవునా? లైట్లు వేసిన పిమ్మట కూడ బాటరీ కొనల నడుమ 13.5కు పైగా వోల్టులు ఉండగా బాటరీని దోషిగా నిలబెట్టుట సాక్ష్యము లేని తీర్పు.

మరి చుట్లు ఏల తగ్గినవి? ఇంజను తిరుగుచున్నప్పుడు లైట్లకు కావలసిన శక్తి పెట్రోలునుండి వచ్చుచున్నది, బాటరీనుండి కాదు. ఫారడే 1831లో విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొనెను. ప్రేరిత ప్రవాహము తన్ను పుట్టించిన మార్పునే ఎదిరించునని తెలుపు లెంజ్ వ్యాసము 1834లో వెలువడెను. లైట్లు ఆరియున్నంతవరకు ఆల్టర్నేటరులో ప్రవాహము స్వల్పము, ఎదిరింపును స్వల్పము. మీట నొక్కినంతనే ప్రవాహము పెరిగి, ఆల్టర్నేటరు బరువెక్కి, బెల్టు ద్వారా ఇంజనును వెనుకకు పట్టును.

ఎంత బరువు? లైట్లు, ఫాను, రేడియేటరు ఫాను కలిసి 360 వాట్లు అనుకొందము. ఆల్టర్నేటరు తాను తీసికొన్న శక్తిలో సగమునకు కొంచెము పైగా మాత్రమే విద్యుత్తుగా ఇచ్చును. 55 శాతమని లెక్కించినచో ఇంజను ఇవ్వవలసినది 650 వాట్లకు పైమాట. ఒక అశ్వశక్తి 746 వాట్లు కదా! రోడ్డుపై పరుగెత్తు ఇంజనుకు ఇది లెక్కలోనిది కాదు. ఐడిలింగులోనో, తన రాపిడిని తాను గెలుచుటకు సరిపోవునంత గాలి, పెట్రోలు మాత్రమే దానికి అందుచున్నవి. 750 చుట్ల వద్ద ఈ భారము సుమారు 8.3 న్యూటన్-మీటర్ల భ్రామకము. అనగా ఇరుసుకు బిగించిన ఒక మీటరు చేయి చివర 850 గ్రాముల రాయి వ్రేలాడదీసినట్లు.

ఇందులో మరియొక చిక్కు ఉన్నది, పాఠ్యపుస్తకములు దానిని తలపెట్టవు. ఆల్టర్నేటరులోని రెగ్యులేటరు వోల్టేజిని తగ్గనీయదు. అనగా చుట్లు తగ్గినను కోరు శక్తి తగ్గదు. శక్తి అంతే ఉండి వేగము తగ్గినచో భ్రామకము పెరుగును. చుట్లు 600కు దిగగానే ఇందాకటి 8.3 కాస్తా 10.4 అగును. మందగించిన కొలది బరువు పెరుగుచున్నదన్నమాట! పట్టి నిలుపువాడు లేకున్న ఇంజను ఆగిపోయినను ఆశ్చర్యము లేదు. కూడలిలో అట్లు ఆగుట వట్టి చికాకు కాదు. ఇంజను నిలిచినచో బ్రేకునకు సాయపడు శూన్యము ఒకటి రెండు త్రొక్కుళ్లతో తీరిపోవును.

పట్టి నిలుపువానికి గవర్నరు అని పేరు. జేమ్స్ వాట్ 1788లో ఆవిరియంత్రమునకు గుండ్ల గవర్నరును అమర్చెను. 1868లో మాక్స్‌వెల్ గవర్నర్ల గణితమును వ్రాసెను. ఇప్పటి కారులో ఆ పని కంప్యూటరుది. చుట్లు తగ్గుట చూచి, థ్రాటిల్ ప్రక్కదారిలోని కవాటమునో, థ్రాటిల్ రేకునే స్వయముగానో కొంచెము తెరచి గాలిని పెంచును. గాలికి తగిన పెట్రోలు వెంట వచ్చును. కొన్ని కార్లలో రెగ్యులేటరే మర్యాదగా భారమును ఒక్కసారి మోపక కొన్ని సెకన్లపాటు మెల్లమెల్లగా ఎక్కించును. కావున మీట నొక్కగానే సూది క్షణకాలము క్రిందికి వంగి లేచుట రోగము కాదు, లెంజ్ నియమము కంటికి కనబడుట. వంగిన సూది లేవకుండుటయే రోగము. అది చాలమారులు భారము మోపిన వానిది కాదు, మోయవలసినవానిది.

మర త్రిప్పు అలవాటు ఎక్కడనుండి వచ్చినదో చెప్పుట న్యాయము. తొలితరము అంబాసిడరు వంటి కార్బ్యురేటరు కార్లలో గాలిని సవరించు కంప్యూటరు లేదు. మరతో అమర్చిన సందే గతి. అక్కడ లైట్లు వేయగా చుట్లు తగ్గి అట్లే యుండుట సహజము, మరను సరిచేయుట సరియైన చికిత్స. ఆ చేతివాటము తప్పు కాదు, కాలము మారినది. ఇప్పటి థ్రాటిల్‌పై నున్న మరను కర్మాగారములోనే కొలిచి నిలిపిరి; కంప్యూటరు ఆ స్థానమునే 'మూసినది'గా ఎంచును. దానిని కదల్చుట త్రాసులో పడికట్టు మార్చుట వంటిది.

తరగతిగది కూడ ఈ విమర్శకు లోబడవలసినదే. పదవ తరగతిలో లెంజ్ నియమము కంఠస్థమై యుండును. సైకిలు డైనమో బొమ్మయు ఉండును. కాని ఆ డైనమో చక్రమునకు ఒరసికొని తిరుగును కనుక ఆ రాపిడియే పెద్దది. దీపము వెలిగినను, ఆరినను కాలికి భేదము తెలిసీ తెలియనట్లుండును. నియమమును చూపవలసిన ఉదాహరణయే దానిని కప్పిపెట్టుచున్నది. దీనికంటె ఒక ఆటబొమ్మ మోటారు మేలు. ఇరుసుకు దారము చుట్టి చిన్న బరువు కట్టి, బల్ల అంచునుండి జారవిడువవలెను. మోటారు తీగలు విడివిడిగా ఉన్నప్పుడు బరువు జరజర దిగును. రెండు తీగలను కలిపి పట్టినచో తడవుచు దిగును. బాటరీ లేదు, ప్లగ్గు లేదు, అయినను మందగించినది! ఇది చూచిన విద్యార్థి షెడ్డులో పై మాట విని ఊరకుండడు.

ఇక పరీక్ష. హాండ్‌బ్రేకు వేసి, చేతులను బెల్టుకు దూరముగా ఉంచి, లైట్లు ఆర్పి ఒకసారి, వేసి ఒకసారి బాటరీ కొనలవద్ద వోల్టేజి చూచుట మొదటిది. ఆ సంఖ్య బాగున్నచో ఆల్టర్నేటరు పనిచేయుచున్నట్లే. తరువాతిది అన్నిటికంటె విలువైనది: విద్యుత్తుతో సంబంధము లేని భారమును మోపి చూచుట. నూనె పంపు గల పవర్ స్టీరింగు ఉన్న కారులో, లైట్లు ఆర్పి, స్టీరింగును ఒక ప్రక్కకు చివరిదాక త్రిప్పవలెను. అప్పుడును చుట్లు పడి లేవకున్నచో విద్యుత్ వ్యవస్థను నిర్దోషిగా విడువవచ్చును. లోపము గాలిదారిలో వెదకవలెను. ఎ.సి. మీట ఇందుకు పనికిరాదు, దానితోపాటు ఫానులును తిరుగును. స్టీరింగు విద్యుత్ మోటారుతో నడుచు కార్లలో వేరొక ఉపాయము ఉన్నది: లైట్లు వేసి, పెడలును రవంత తాకి, చుట్లను 750కి తేవలెను. ఇంజను నున్నగా తిరిగినచో దానికి కొరతయైనది గాలియే. అప్పటికిని తప్పులు కొట్టుచుండినచో ప్లగ్గులను, పెట్రోలును చూడవలెను.

విద్యుత్తే నిజముగా దోషియైన సందర్భములును లేకపోలేదు. లోపల చెడిన బాటరీ ఎడతెగక ప్రవాహము త్రాగుచు ఆల్టర్నేటరును ఎల్లప్పుడు బరువుతో ఉంచవచ్చును. ఎర్తు తీగ తుప్పుపట్టుట మరింత మాయదారి దోషము. అప్పుడు లైట్ల ప్రవాహము తిరిగివచ్చు దారిలో వోల్టేజి నష్టమై, సెన్సారుల సంఖ్యలు తప్పి, కంప్యూటరు మోసపోవును. లైట్లు వెలుగుచుండగా ఇంజను దిమ్మకును బాటరీ ఋణధ్రువమునకును నడుమ, పిదప కారు శరీరమునకును ఆ ధ్రువమునకును నడుమ కొలిచినచో ఇది బయటపడును; 0.2 వోల్టుకు మించినచో అనుమానింపదగును. మారవలసినది కొద్ది ఖర్చుతో పోవు తీగ, మార్చునది ఆల్టర్నేటరు!

స్కానరును తగిలించి "కోడు లేదు, కనుక దోషము లేదు" అనువారు కొత్తరకము భక్తులు. థ్రాటిల్ రేకు అంచున నల్లని మసి కొద్దికొద్దిగా పేరి సందును మూయుచుండగా కంప్యూటరు అంతకంతకు ఎక్కువ తెరచి సరిపెట్టుకొనుచు వచ్చును. తన హద్దు దాటినప్పుడే అది ఫిర్యాదు చేయును. మసిని తుడిచిన తరువాత కూడ ఆ పాత లెక్కనే కొంతకాలము పట్టుకొనియుండును. మరల నేర్పువరకు చుట్లు వెయ్యి దాటి పరుగెత్తవచ్చును. అది చూచిన యజమాని, తుడిచినవాడే ఇంజనును చెడగొట్టెనని షెడ్డుకు తిరిగివచ్చుట కద్దు.