సూదిపోటు పేజీ నుంచి చదవండి

ప్రైవేటు ఆసుపత్రిలో నర్సులకిచ్చే హ్యాండ్‌బుక్‌ను ఎంత శ్రద్ధగా రాశారో తెలియాలంటే సూదిపోటు పేజీ తెరిచి చూడాలి. రోగికి వాడిన సూది నర్సు వేలికి గుచ్చుకుంటే ఏం చేయాలో చెప్పే పేజీ అది. పని తెలిసినవాళ్లు దాన్ని చట్టం పేరుతో మొదలుపెట్టరు. సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడగండి, పిండకండి, వేలు నోట్లో పెట్టుకోకండి అంటారు. ఆ వెంటనే ఇన్‌చార్జి సిస్టర్‌కు చెప్పి క్యాజువాలిటీకి వెళ్లమంటారు. హెచ్‌ఐవీ నివారణ మందు మొదటి డోసు వీలైతే రెండు గంటల్లోపే పడాలి, 72 గంటలు దాటకూడదు. కోర్సు 28 రోజులు. అందుకే నైట్ డ్యూటీలో ఆ మందు ఎక్కడ దొరుకుతుందో, బీరువా తాళం ఎవరి దగ్గరుంటుందో కూడా అక్కడే రాస్తారు. రోగికి చెప్పకుండా అతని రక్తాన్ని హెచ్‌ఐవీ పరీక్షకు పంపకూడదన్న మాటా ఆ పేజీలోనే ఉంటుంది. దాని వెనకున్నది 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం. ఇలా చట్టం పేరెత్తకుండానే చట్టాన్ని చేతిపనిగా మార్చడం నన్ను అబ్బురపరుస్తుంది.

లైంగిక వేధింపుల అధ్యాయంలో కీలకం నిర్వచనం దగ్గరుంది. 2013 చట్టం దృష్టిలో ప్రొబేషనర్లు, ట్రైనీలు, కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు కూడా ఉద్యోగులే. ఆ వరస పూర్తిగా రాస్తేనే కొత్తగా చేరిన అమ్మాయికి ఈ పేజీ తనదేనని తెలుస్తుంది. అంతర్గత కమిటీ సభ్యుల పేర్లు, బయటి సభ్యురాలి ఫోన్ నంబరు, ఫిర్యాదుకున్న మూడు నెలల గడువు పక్కపక్కనే ఉండాలి.

ప్రసూతి సెలవు దగ్గర లెక్క చేసి చూపించాలి. కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉంటే, బతికున్న పిల్లలు ఇద్దరికంటే తక్కువ ఉన్నవాళ్లకు 26 వారాలు వేతనంతో సెలవు. అందులో కాన్పుకు ముందు వాడుకోదగ్గవి ఎనిమిది వారాలే. కాన్పు తేదీ నుంచి వెనక్కి లెక్కించిన ఒక ఉదాహరణ పట్టిక ఉంటే, హెచ్‌ఆర్ గది చుట్టూ తిరగక్కర్లేదు.

2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి, 1961 నాటి ప్రసూతి చట్టం వంటివి వాటిలో కలిసిపోయాయి. చట్టాల పేర్లు, సెక్షన్లు చివరి అనుబంధంలో విడిగా పెట్టినచోట అనుబంధం మార్చి, అధ్యాయాలను ఒకసారి సరిచూసుకుంటే చాలు. ప్రతి పేజీ అడుగున సవరణ తేదీ వేయడం కూడా ఈ ముందుచూపులో భాగమే.

చివర్లో 'చదివాను, అర్థమైంది' అని సంతకం పెట్టించుకునే కాగితం ఉంటుంది. ఇంగ్లిష్‌లో మాత్రమే ఉన్న పుస్తకం మీద ఆ సంతకం అడగడం న్యాయం కాదు. నర్సింగ్ సూపరింటెండెంట్లు ప్రతి వార్డులో ఒక తెలుగు ప్రతి ఉంచాలి. సిస్టర్లూ, సంతకం పెట్టే ముందు మీ కాపీ అడిగి తీసుకోండి.