తరువాత ఏ నవల?

అనకాపల్లి మార్కెట్టులో బెల్లము కొనువాడు దిమ్మ పైరంగును చూచి ధర చెప్పడు. హైడ్రోసు వేసి తెలుపెక్కించిన బెల్లము దూరమునుండి బంగారమువలె మెఱయునని వానికి తెలియును గనుక, అంచున చిన్న పలుకు విఱిచి, బొటనవ్రేలితో నలిపి, రవ్వ కట్టినదో జిగురు సాగుచున్నదో చూచి, పిదప నాలుకపై నుంచుకొని ఒక్క క్షణము కన్నులు మూసికొనును. ఆ క్షణములోనే అది ఒకటవ రకమో మూడవ రకమో తేలిపోవును. సబ్బవరములో చెఱకు పండించిన మా మేనమామ ఈ విద్యను నవలలమీద ప్రయోగించినవాడు. రాబోవు నవలలలో దేనిని పట్టవలెను, దేనిని విడువవలెను అను ప్రశ్నకు ఆయన చెప్పిన తీర్పులలో తప్పినవి నా యెఱుకలో రెండో మూడో, అంతకు మించి లేవు. ఆ కాలమున అట్టి చదువరి ఆయన యొక్కడే కాడు. ఊరూర నలుగురైదుగురు ఉండెడివారు. వ్రాయువారిని గూర్చి మనము గ్రంథములు వ్రాసికొంటిమి గాని, ఏరి చదువు ఈ మహానుభావులను గూర్చి నాలుగు పుటలైన వ్రాసికొనలేదు.

డెబ్బదులలో నేను బాలుడను. ఆనాడు నవల పుస్తకముగా రాదు. ముందు ప్రకటనగా వచ్చును. వారపత్రికలో ఒక మూల గడికట్టి, రాబోవు సంచికనుండి ప్రారంభమని పెద్ద అక్షరములతో నవల పేరును రచయిత పేరును వేసెడివారు. ఆ గడిని మావయ్య బెల్లపు ధరలకంటె శ్రద్ధగా చదివెడివాడు. ఈ రచయిత కడపటి సీరియలు ముగించి ఎన్నాళ్లయినదో మొదట లెక్కకట్టును. ఒకటి ముగిసిన నెలలోనే మఱియొకటి తలకెత్తుకొన్నవాని యెడ ఆయనకు నమ్మకము తక్కువ. “ఒరే అల్లుడూ, పాకం దించకముందే ఇంకో పెనం ఎక్కించేసినాడ్రా ఈడు, సూడు, మాడిపోద్ది” అనెడివాడు. పిమ్మట బొమ్మ ఎవరిదో చూచును. బాపు గీత యన్నను, పత్రికల అట్టలపై వడ్డాది పాపయ్యగారు దిద్దిన వర్ణచిత్రములన్నను ఆయనకు ప్రాణమే. ఆ అట్టలను కత్తిరించి గోడకు అంటించుకొనెడివాడు. కాని బొమ్మ అందమును కథకు సాక్ష్యముగా ఎన్నడును స్వీకరింపలేదు. బొమ్మ బాగున్నచో బొమ్మను దాచుకొమ్మనెడివాడు.

అన్నిటికంటె ముఖ్యమైనది మూడు వారముల నియమము. మొదటి భాగమును ఎవడైనను బాగుగనే వ్రాయును, ఏలయన దానిని నెలలకొలది దిద్దుకొని యుండును. రెండవ భాగము మొదటిదాని ఊపుమీద నడచును. మూడవ వారమున గాని రచయిత కొట్టులో సరుకున్నదో లేదో బయటపడదు. ఆ మూడు సంచికలు వచ్చువఱకు మావయ్య ఎవరెంత పొగడినను చలింపడు. మూడవ సంచిక వచ్చిననాడు మూడింటిని ఒక్కసారిగా ముందు పెట్టుకొని, అరుగుమీద కూర్చుండి, మొదటి భాగములో వచ్చిన మనిషి మూడవ భాగములో ఆ మనిషిగానే మాటలాడుచున్నాడా యని పట్టి పట్టి చూచెడివాడు. జమీందారు, గుమాస్తా, చేపలమ్ము స్త్రీ, వైద్యవిద్యార్థి అందఱును ఒకే నోటితో మాటలాడినచో ఆ నవల అంతటితో సరి. “పదిమంది మనుషుల్ని పెట్టి ఒక్క నాలికే ఇచ్చినాడ్రా” అను ఆ వాక్యమును మించిన నవలా విమర్శను నేను ఏ విశ్వవిద్యాలయములోను వినలేదు.

పుస్తకముగా వెలువడిన నవల విషయమున పద్ధతి వేఱు. పీఠికను మొదట చదువరాదు. అది భోజనమునకు ముందే కడుపు నింపు పానకము. అట్టవెనుక ప్రశంసలను అసలే చదువరాదు. నడుమ ఏదో ఒక పుట, సాధారణముగా నలువదవది, తెఱచి, అందులో ఏ విశేషసంఘటనయు లేని పేరా నొకదానిని ఎన్నుకొని మెల్లగా చదువవలెను. హత్యలు, పెండ్లిండ్లు, వియోగములు వ్రాయుట సులభము. ఒకడు అన్నము తిని చేయి కడుగుకొని వీధిలోనికి వచ్చుటను చదివించునట్లు వ్రాయుట కష్టము. ఆ పేరా నిలిచినచో పుస్తకము నిలుచును. ఇది చిన్న ఉపాయముగా తోచవచ్చును గాని, దీనిని నేను యాభై యేండ్లుగా ప్రయోగించి చూచుచున్నాను.

ఈ విద్యకు పూర్వచరిత్ర లేకపోలేదు. నరహరి గోపాలకృష్ణమ చెట్టి శ్రీరంగరాజచరిత్రము 1872లో వెలువడినది. కందుకూరివారి రాజశేఖరచరిత్రము 1878లో వివేకవర్ధనిలో భాగములుగా మొదలై 1880లో గ్రంథమైనది. అనగా తెలుగు చదువరి ఆదినుండియు రాబోవు భాగమునకై ఎదురుచూచుట నేర్చినవాడే. చింతామణి పత్రికవారి నవలల పోటీలలో చిలకమర్తివారు గెలిచిరి. 1906లో ఏర్పడిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి మొదలుకొని గ్రంథమాలలు చందాదారులను కూర్చి, ఇంకను అచ్చుకాని పుస్తకమునకు పాఠకుని సిద్ధము చేసినవి. 1934లో మన వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారి పోటీలో విశ్వనాథవారి వేయిపడగలును, అడివి బాపిరాజుగారి నారాయణరావును బహుమానమును పంచుకొన్నవి. వేయిపడగలును విశ్వనాథవారు ఇరువదితొమ్మిది దినములలో ఆశువుగా చెప్పి వ్రాయించిరని పెద్దలు చెప్పుకొనెడివారు. చరిత్రను ఇంతటితో విడుతును. నా మనస్సు ఏరినవారి మీదను, వారు ఏరుకొన్న ఉత్తరాంధ్ర నవలల మీదను ఉన్నది.

అవును, నాకు పక్షపాతము కలదు, దానిని దాచను. గోదావరీ కృష్ణా తీరములవారు ఏమనుకొన్నను, తెలుగు నవలకు మనుష్యుని గొంతుకను ఇచ్చినది ఈ ఉత్తరాంధ్ర నేలయే. 1929లో అనకాపల్లిలో పుట్టిన డాక్టరు పి. శ్రీదేవి ఒక్కటే నవల వ్రాసెను. కాలాతీతవ్యక్తులు తెలుగు స్వతంత్రలో 1957-58లలో ధారావాహికముగా వచ్చుచున్నప్పుడు దానిని మూడు వారముల నియమమున కెక్కించి చూచినవారు, మూడవ వారము దాక ఆగలేకపోయిరని మావయ్య చెప్పెడివాడు. ఇందిర వంటి స్త్రీని అంతకు ముందు ఏ తెలుగు నవలయు చూపలేదు: తండ్రి బరువును మోయుచు, తన సుఖమును తానే వెదకికొనుచు, తప్పులు చేయుచు, వాటికి ఎవరి క్షమాపణయు కోరక నిలిచిన మనిషి. ఆమెను రచయిత్రి పొగడదు, తిట్టదు. పక్కగదిలోనుండి వినుచున్నట్లు వ్రాయును. ప్రకాశము యొక్క పిఱికితనమును చూపుటకు ఒక్క విశేషణమును వాడక, వాని మాటల నడుమ సందులను చూపించును. 1961లో ఆ మహాతల్లి ముప్పదిరెండేండ్లైన నిండకుండ కన్నుమూసెను. ఆమె రెండవ నవల ఎట్లుండెడిదో అను చింత నాకు ఈనాటికిని పోలేదు.

ఇక రావిశాస్త్రిగారు! శ్రీకాకుళములో 1922లో పుట్టి, విశాఖలో న్యాయవాదిగా బ్రదికి, కోర్టువరండాలలో విన్న ప్రతి గొంతుకను కాగితముపై నిలిపిన ఆ మహాశిల్పి అల్పజీవిలో సుబ్బయ్య యను భయస్థుని మనస్సులోనికి చదువరిని దింపి, బయటికి దారి చూపక, ఆ భయమును మన భయముగా చేసెను. రత్తాలు-రాంబాబు ముగియలేదు, ముగియని నవలను చదువరాదని నియమము పెట్టుకొన్న మావయ్య దానికొఱకు తన నియమమునే త్రోసిపుచ్చి, “ఈయన సగం రాసినా మిగిలినోళ్ల పూర్తి కన్నా ఎక్కువేరా” అనెను. పతంజలిగారిని గూర్చి మొదలుపెట్టినచో నాకు కలము ఆగదు. అలమండలో 1952లో పుట్టిన ఆయన వీరబొబ్బిలియను కుక్కకు రాజసమును, రాజులకు కుక్కబ్రదుకును ఇచ్చి, భూమి గుండ్రముగ నున్నదా బల్లపరుపుగ నున్నదా యను వాదమును గోపాత్రుడులో ఊరి కొట్లాటగా పెంచి, పిలక తిరుగుడు పువ్వులో న్యాయస్థానమునకు ఎక్కించి, నవ్వించుచు నవ్వించుచు మన న్యాయవ్యవస్థ ఎముకలను చూపించెను. నేడు మన సబ్బవరములోనే న్యాయవిశ్వవిద్యాలయము కలదు. అందు చదువు పిల్లలకు మొదటి యేట ఆ రెండు పుస్తకములును చేతికీయవలెనని నా ప్రార్థన.

ఏరుకొనుటలో వరుస కూడ ఒక కళయే. బరువైన నవల వెంట బరువైనది చదివినచో రెండవది రుచింపదు, దోషము దానిది కాకపోయినను. చివరకు మిగిలేది ముగించిన చదువరికి మావయ్య వెంటనే అసమర్థుని జీవయాత్రను ఈయడు. రెండును లోలోపలికి త్రవ్వు పలుగులే గనుక, నడుమ ఒక నవ్వు నవలనో, చక్రపాణిగారు తెనిగించిన శరత్తునో పెట్టును. శరత్తు తెలుగువాడు కాడని తెలిసి కంట తడిపెట్టుకొన్న ముత్తైదువలు మా వీధిలో ఉండిరి.

ఇట్టి చదువరులను చంపినవి ఏవి? వారపత్రికలు ఒకదాని వెంట ఒకటి మూతపడుట మొదటి దెబ్బ. కాని అంతకు ముందే నకిలీ మొదలైనది, నాకు కోపమంతయు దానిమీదనే. ఎనుబదులలో తులసిదళము తెలుగుదేశమును ఊపినది. యండమూరివారికి కథ నడుపు చేయి కలదు, కాదనువాడను కాను. ఆయన వెంటబడి, నిమ్మకాయయు పుఱ్ఱెయు ఉన్నచో నవల యగునని తలచి, ఆయన చేయి లేక ఆయన చేతబడిని మాత్రము ఎత్తుకొన్న వందల పుస్తకములు అద్దెకొట్లను నింపినవి. ఆ పుస్తకములలో నలువదవ పుట తెఱచినచో పుఱ్ఱె తప్ప మనిషి కనబడడు. చదువరి మోసపోయెను, మోసపోయి మోసపోయి నవలమీదనే అలిగి టీవీ ముందు కూర్చుండెను. ఇది రచయితల నేరము, ప్రకాశకుల నేరము, హైడ్రోసు దిమ్మను ఒకటవ రకముగా అమ్మిన నేరము!

నేటి హైడ్రోసు వేఱు రూపమున వచ్చుచున్నది. పుస్తకము అచ్చుకాకముందే దానిని మహానవల యని పదిమంది మిత్రులు పొగడుదురు. ఆ పొగడ్త అట్టమీద కెక్కును. ఆ అట్టను చూచి మఱి పదిమంది పొగడుదురు. నేనే ఒకమాఱు, డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శన నాటికి రానున్నదని పెద్దయెత్తున చాటిన నవలకు ముందే సొమ్ము చెల్లించితిని. పేరు చెప్పను. వచ్చిన పుస్తకములో ఒక ఫారము రెండుమార్లు కుట్టబడియుండెను. పదునాఱు పుటలు తిరిగి చదివిన పిమ్మట గాని నాకది తెలియలేదు, అంత ఒకేతీరుగ నుండినది కథ. మావయ్య చెప్పిన నలువదవ పుటను నేను ఆనాడు మఱచితిని.

మంచి నవలలు రాకపోవుటలేదు, అదియే నా వేదన. 2017లో తానా పోటీలో శప్తభూమి, నీల, ఒంటరి అను మూడు నవలలు నిలిచినవి. నీల వ్రాసిన మల్లీశ్వరిగారు విశాఖవారే. 2019లో సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారి కొండపొలము అదే బహుమానమును పొంది, గొఱ్ఱెలకాపరులతో నల్లమల అడవిని మన కాళ్లక్రింద నడిపించెను. వీటిని అనకాపల్లి జిల్లాలో ఎందఱు చదివిరి? ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా మనమే కట్టుచున్నాము. ఆ సొమ్ముతో మండలములలోని శాఖాగ్రంథాలయములకు పోటీపరీక్షల పుస్తకములతో పాటు, ఏటేట వచ్చు మంచి నవలలు పదియైన కొనరాదా? అధ్యాపకులారా, పత్రికలవారలారా, సమీక్షకు బదులు ఒక్క పేరా యెత్తి అచ్చువేయుడు. చదువరియే నాలుకపై నుంచి చూచికొనును.

మావయ్య కడపటి రోజులలో కన్నులకు శుక్లములు కమ్మి చదువలేకపోయెను. శప్తభూమి వచ్చిన యేడు దానిని పట్టుకొని సబ్బవరము పోతిని. రచయిత అనంతపురమువాడనగానే ఆయన పెదవి విఱిచెను, మనవాడు కాడని. నలువదవ పుట చదువుమనెను. చదివితిని. అర్ధపుట కాకముందే చేయెత్తి ఆపి, అరుగుమీద సర్దుకొని కూర్చుండి, “మొదటినుంచీ మొదలెట్టు. మీ అత్తని కాఫీ పెట్టమను, ముందుగానే సెప్పు, రెండు గ్లాసులు” అనెను.