తక్‌పట్టీ లెక్క

హనుమకొండలో డిగ్రీ అయిపోయి ఉద్యోగం కోసం తిరుగుతున్న పిల్లలకు ఆదివారాలు ఇంటర్వ్యూ సాధన చేయిస్తుంటాను. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ‘మీ గురించి చెప్పండి.’ జవాబూ ఒకటే. ఊరి పేరు, తండ్రి పేరు, ‘కష్టపడే తత్వం’, ‘త్వరగా నేర్చుకుంటాను’. అంతా బట్టీపట్టిన ఇంగ్లిష్. మధ్యలో ఒక్క ముక్క మరిచిపోతే ఎక్కం అప్పజెప్పినట్టు మళ్లీ మొదటికొస్తారు. చాలాకాలం నేను కూడా ఆ వాక్యాలకే మెరుగులు దిద్దుతూ కూర్చున్నాను.

మొన్న ఒకమ్మాయి అలాగే రెండుసార్లు ఆగిపోయింది. కళ్లలో నీళ్లు.

‘‘ఇంగ్లిష్ వదిలెయ్ బిడ్డా. పోయిన ఎండకాలం ముందు ఏం చేశావో తెలుగులో చెప్పు.’’

‘‘ఏం చెయ్యలే సార్, ఖాళీగనే ఉన్న. బాపుతోని ఎనుమాముల మార్కెట్‌కు పోయిన, అంతే.’’

అక్కడేం చేశావని అడిగితే నెమ్మదిగా మొదలుపెట్టింది. చపాట మిర్చి. ఇంటి దగ్గరే తాలు కాయ ఏరి విడిగా బస్తాకెత్తింది. కాంటా దగ్గర నిలబడి ఒక్కో బస్తా తూకం నోట్‌బుక్‌లో రాసుకుంది. అమ్మిన సరుకు లెక్క రాసిచ్చే తక్‌పట్టీ చేతికొచ్చాక చూస్తే, ఇంటి దగ్గర ఎక్కించిన బస్తాల కన్నా ఒకటి తక్కువుంది. ‘‘బాపు గాబర పడ్డడు సార్. నేను మళ్ల ఎంచిన. ఒక బస్తా ట్రాలీల టార్పాలిన్ కిందనే ఉండిపోయింది.’’

ఏ గోదాములోనైనా, ఏ ఆఫీసులోనైనా జీతమిచ్చి చేయించుకునేది ఈ పనే. ఆమె దాన్ని ‘ఖాళీగా ఉండడం’ అంటోంది. నన్ను బాధపెట్టింది ఆ మాటే.

చేసిన పనిని మాటల్లో చెప్పుకోవాల్సిన అవసరం ఒకప్పుడు అంతగా ఉండేది కాదు. 1934లో ఆజంజాహి బట్టల మిల్లు పెట్టిన నాటి వరంగల్‌లో పని మగ్గం పక్కనే పట్టుబడేది. ఇప్పుడా మిల్లు లేదు. 2020 జనవరిలో నగర శివారులోని మడికొండలో ఐటీ కంపెనీలు తెరుచుకున్నాయి. అక్కడ పని చేతికి రావాలంటే ముందు నోరు విప్పాలి. యువతను ఉద్యోగాలకు సిద్ధం చేయడానికి ఉమ్మడి రాష్ట్రంలో 2005లోనే ఈజీఎంఎం, తెలంగాణ వచ్చాక టాస్క్ లాంటి శిక్షణ సంస్థలు మొదలయ్యాయి. ఇంగ్లిష్, కంప్యూటర్, నడవడిక నేర్పడం మంచిదే, కావలసిందే. కానీ మనం నేర్పేవాళ్లం పిల్లల దగ్గర లేనిదానితో మొదలుపెడుతున్నాం. ఉన్నదేమిటో ముందు అడగాలి.

ఆ మిర్చి సంగతినే ఆరు చిన్న ఇంగ్లిష్ వాక్యాలు చేయడానికి మాకు గంట పట్టింది. వ్యాకరణం అక్కడక్కడా తప్పింది. అయినా ఎక్కడా ఆగకుండా చెప్పింది, ఎందుకంటే అందులో గుర్తుపెట్టుకోవాల్సిందేమీ లేదు.

వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి చెయ్యెత్తాడు. ‘‘సార్, నేను పెండ్లిళ్ల సీజన్ల టెంట్‌హౌస్ పనికి పోత. అది గూడ చెప్పచ్చునా?’’

‘‘లేచి చెప్పు బిడ్డా. ఒక్క పెళ్లికి ఎన్ని కుర్చీలు పంపుతారు? తిరిగొచ్చేటప్పుడు ఎవరు ఎంచుతారు?’’

‘‘నేనే సార్’’ అన్నాడు.